తక్కువ నోడ్లతో నున్నటి వంపులు: వెక్టర్ గీతలు గీయడం, సరిదిద్దడం ఇలా

"అక్షరం వంపు దగ్గర గతుకులు పడుతున్నాయి. ఎంత సరిచేసినా నున్నగా రావట్లేదు, ఏం చేయాలి?" ఈ ప్రశ్న వారానికి ఒక్కసారైనా ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. అమీర్‌పేటలో డిజైన్ కోర్సు చేసినవాళ్లు, ఛత్తా బజార్‌లో పెళ్లి పత్రికలు తయారుచేసేవాళ్లు, ఇంట్లోనే స్టిక్కర్ కటింగ్ మెషిన్ పెట్టుకున్నవాళ్లు అడుగుతుంటారు. వాళ్ల ఫైల్ తెరిచి చూస్తే దాదాపు ప్రతిసారీ ఒకటే కారణం కనిపిస్తుంది. నోడ్లు, అంటే గీత మీద ఉండే చుక్కలు, ఎక్కువగా ఉంటాయి, ఉన్నవి కూడా ఉండాల్సిన చోట ఉండవు.

ఇక్కడ చెప్పే పద్ధతి అంతా ఇంక్‌స్కేప్‌లో చూపిస్తాను. అది వెక్టర్ బొమ్మలు, అంటే ఎంత పెంచినా అంచులు చెదరని గీతల బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్. విండోస్‌లో, లినక్స్‌లో, మ్యాక్‌లో కూడా నడుస్తుంది. కోరల్ డ్రా, ఇల్లస్ట్రేటర్ వాడేవాళ్లకు మీటలు చివర్లో ఇచ్చాను. పద్ధతి మాత్రం మూడింటికీ ఒకటే.

1. ముందు తెలియాల్సిన నాలుగు మాటలు

గీత మొత్తాన్ని పాత్ అంటారు. దాని మీద ఉండే చుక్క నోడ్. రెండు నోడ్ల మధ్య ఉన్న ముక్క సెగ్మెంట్. నోడ్ నుంచి కొమ్ములా బయటికి వచ్చే పుల్ల హ్యాండిల్.

మెలికల ముగ్గులో గీత చుక్కల పక్కనుంచి తిరుగుతుంది. ఇక్కడ గీత చుక్క మీదుగానే వెళ్తుంది. అది ఏ దిక్కుగా బయల్దేరాలో హ్యాండిల్ చెబుతుంది. హ్యాండిల్ ఎంత పొడవుంటే గీత అంత దూరం ఆ దిక్కునే పట్టుకుని వెళ్లి ఆ తర్వాత వంగుతుంది. అంటే వంపు ఆకారం నోడ్ల సంఖ్యలో ఉండదు, హ్యాండిల్ దిక్కులో, పొడవులో ఉంటుంది. ఈ ఒక్క మాట చేతికి అలవాటైతే సగం పని అయిపోయినట్టే.

నోడ్లు నాలుగు రకాలు:

- కస్ప్ (షిఫ్ట్ + సి): మూల. రెండు హ్యాండిళ్లు దేనికది కదులుతాయి.
- స్మూత్ (షిఫ్ట్ + ఎస్): రెండు హ్యాండిళ్లు ఒకే సరళ రేఖలో ఉంటాయి, పొడవులు వేరుగా ఉండొచ్చు.
- సిమెట్రిక్ (షిఫ్ట్ + వై): ఒకే రేఖలో, ఒకే పొడవులో ఉంటాయి.
- ఆటో స్మూత్ (షిఫ్ట్ + ఎ): హ్యాండిళ్లను సాఫ్ట్‌వేరే సర్దుతుంది.

నేర్చుకునే రోజుల్లో ఆటో స్మూత్ జోలికి వెళ్లొద్దని నా సలహా. చేతికి పని తప్పుతుంది, అలవాటు కాదు.

2. గీయడానికి ముందు సర్దుకోవాల్సినవి

టచ్‌ప్యాడ్ మీద ఈ పని చేయకండి. మామూలు మౌస్ చాలు, కానీ మౌస్ ఉండాలి.

- కంట్రోల్ + షిఫ్ట్ + డి నొక్కి డాక్యుమెంట్ కొలతను మిల్లీమీటర్లకు మార్చండి.
- గీయాల్సిన బొమ్మ ఫొటోను కంట్రోల్ + ఐ తో తెచ్చుకోండి. దాని ఒపాసిటీ (గాఢత) 40 శాతానికి తగ్గించండి.
- ఫొటో ఉన్న లేయర్‌ను (పొరను) లాక్ చేసి, గీతల కోసం పైన ఇంకో లేయర్ పెట్టుకోండి.
- ఫిల్ (లోపల నిండే రంగు) తీసేయండి. స్ట్రోక్ (గీత) ఎరుపు రంగులో 0.3 మిల్లీమీటర్లు ఉంటే కింది ఫొటో స్పష్టంగా కనిపిస్తుంది.
- నోడ్ టూల్ తీసుకున్నాక హ్యాండిళ్లు కనిపించకపోతే, పైన బార్‌లో హ్యాండిళ్లు చూపించే బటన్ ఆఫ్‌లో ఉందేమో చూడండి. చాలామంది ఇక్కడే టెన్షన్ పడతారు.

ఫొటో విషయంలో ఒక జాగ్రత్త. బోర్డు మీద అక్షరమైనా, కట్టడమైనా ఎదురుగా నిలబడి తీయాలి. చార్మినార్ కమాను కావాలంటే దాని కింద నిలబడి ఫోన్ ఎత్తితే పైభాగం ఇరుకుగా వస్తుంది. గుల్జార్ హౌజ్ వైపు వెనక్కి నడిచి, అక్కడి నుంచి జూమ్ చేసి తీయండి. ఫొటోలో వంకర ఉంటే ఎన్ని నోడ్లు సర్దినా ఆ వంకర పోదు.

3. నోడ్లు ఎక్కడ పెట్టాలి

ఈ గైడ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే, కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

కొన్నేళ్ల కిందట సికింద్రాబాద్‌లో ఒక టిఫిన్ సెంటర్ అద్దం మీదకి "శ్రీ" అక్షరం స్టిక్కర్ చేయాల్సి వచ్చింది. పాత చేతిరాత బోర్డు ఫొటో తీసి ఆటో ట్రేస్ (ఫొటోను సాఫ్ట్‌వేరే గీతలుగా మార్చడం) కొట్టి నేరుగా కటింగ్‌కి పంపాను. స్క్రీన్ మీద బాగానే ఉంది. ప్లాటర్ (కటింగ్ మెషిన్) బ్లేడు మాత్రం వంపుల దగ్గర వణుకుతూ నడిచింది. అంటించాక దగ్గరికి వెళ్లి చూస్తే గుడి దీర్ఘం అంచు రంపం పళ్లలా ఉంది. ఇంటికొచ్చి ఫైల్ తెరిస్తే ఆ ఒక్క అక్షరంలో 300 దాటి నోడ్లున్నాయి. చేత్తో మళ్లీ గీస్తే 40 లోపే సరిపోయాయి. రెండోసారి కటింగ్ డబ్బులు నావే.

ఆ రోజు నుంచి పాటిస్తున్న పద్ధతి ఇది. మౌస్ పట్టుకోకముందే ఫొటోను కాగితం మీద ప్రింట్ తీసి, పెన్సిల్‌తో నోడ్ల చోట్లు గుర్తు పెట్టుకుంటాను. నోడ్ పెట్టాల్సినవి నాలుగు చోట్లే:

- వంపు బాగా పైకి, బాగా కిందికి, బాగా ఎడమకి, బాగా కుడికి చేరే చోటు
- మూల తిరిగే చోటు
- తిన్నటి గీత వంపుగా మారే చోటు
- వంపు ఒక వైపు నుంచి ఇంకో వైపుకి తిరగబడే చోటు

మొదటి రకం నోడ్లలో ఒక సుఖం ఉంది. వంపు బాగా పైన ఉన్న చోట గీత కచ్చితంగా అడ్డంగా ఉంటుంది, బాగా పక్కన ఉన్న చోట నిలువుగా ఉంటుంది. కాబట్టి హ్యాండిల్ దిక్కు కోసం ఆలోచించే పనే లేదు. కంట్రోల్ మీట పట్టుకుని లాగితే హ్యాండిల్ 15 డిగ్రీల మెట్లలో కదులుతుంది, అడ్డానికో నిలువుకో సరిగ్గా కూర్చుంటుంది. ఇక మీరు తేల్చాల్సింది పొడవు ఒక్కటే.

పొడవుకి ఒక లెక్క ఉంది. సెగ్మెంట్ పొడవులో దాదాపు మూడో వంతు హ్యాండిల్‌కి ఇచ్చి మొదలుపెట్టండి. వృత్తంలో పావు భాగానికైతే కచ్చితమైన అంకె ఉంది: వ్యాసార్ధాన్ని 0.552తో గుణించాలి.

నాలుగో రకం విషయంలో మాత్రం కంటితోనే తేల్చుకోవాలి. మెల్లగా తిరిగే పాము వంపుని రెండు నోడ్ల మధ్య ఒకే సెగ్మెంట్ మోయగలదు. ఒక హ్యాండిల్ ఇటు, ఇంకోటి అటు పెడితే చాలు. వంపు గట్టిగా తిరిగితేనే మధ్యలో నోడ్ కావాలి.

4. మొదటి సాధన: సున్న

మన లిపిలో సగం అక్షరాల ఒంట్లో సున్న ఉంది. అది కుదిరితే మిగతావి వస్తాయి. దీన్ని వృత్తం టూల్‌తో కాకుండా పెన్ టూల్‌తో గీయాలి.

1. రూలర్ మీద నుంచి గైడ్ గీతలు లాగండి. నిలువువి మూడు, అడ్డంవి మూడు. గైడ్ మీద డబుల్ క్లిక్ చేసి కొలతలు 20, 60, 100 మిల్లీమీటర్లు ఇవ్వండి. వృత్తం వ్యాసం 80, వ్యాసార్ధం 40. హ్యాండిల్ పొడవు 40 ఇంటూ 0.552, అంటే దాదాపు 22.

2. 60కి అటూ ఇటూ 22 దూరంలో, అంటే 38, 82 దగ్గర కూడా నిలువుగా, అడ్డంగా గైడ్లు పెట్టండి. హ్యాండిళ్ల చివరలు ఇక్కడికి రావాలి.

3. బి నొక్కి పెన్ తీసుకోండి. ఎడమ చివర, మధ్య ఎత్తులో మౌస్ నొక్కి, వదలకుండా కంట్రోల్ పట్టుకుని పైకి లాగండి. గైడ్ అందగానే వదలండి.

4. పై చివర నొక్కి కుడికి లాగండి. కుడి చివర నొక్కి కిందికి. కింది చివర నొక్కి ఎడమకి.

5. మొదటి నోడ్ మీద క్లిక్ చేసి మూసేయండి.

6. ఎన్ నొక్కి నోడ్ టూల్ తీసుకోండి. మూసిన చోట నోడ్ మూలలా తేలి ఉండొచ్చు. దాన్ని ఎంచి షిఫ్ట్ + వై నొక్కి, కంట్రోల్ పట్టుకుని హ్యాండిల్‌ని గైడ్ దాకా లాగండి.

ఇప్పుడు వృత్తం టూల్‌తో 80 మిల్లీమీటర్ల వృత్తం గీసి దీని మీద పెట్టి పోల్చండి. 400 శాతం జూమ్‌లో కూడా రెండు గీతలు ఒకదానిమీద ఒకటి కూర్చుంటే మీ చెయ్యి దారిలో పడినట్టే.

లోపలి గీత కూడా ఇలాగే గీయండి. వ్యాసం 50 అయితే హ్యాండిల్ దాదాపు 14. తర్వాత రెండూ ఎంచి కంట్రోల్ + కె నొక్కితే ఒకే పాత్ అవుతుంది, నలుపు నింపితే మధ్యలో బెజ్జం కనిపిస్తుంది. కుంచెతో రాసినట్టు పక్కలు లావుగా కావాలంటే లోపలి గీతలో పై నోడ్‌ని కొంచెం పైకి, కింది నోడ్‌ని కొంచెం కిందికి జరపండి. ఆ ఎత్తుకి తగ్గట్టు పక్క నోడ్ల హ్యాండిళ్లు కూడా పెంచండి. ఈ రెండో పని మర్చిపోతే సున్న కాస్తా కోడిగుడ్డు మొనలా తేలుతుంది.

5. రెండో సాధన: తలకట్టు

సున్నలో మూలలు లేవు. తలకట్టులో ఉన్నవన్నీ మూలలే, అందుకే రెండోదిగా పెట్టాను.

పెన్‌తో లాగకుండా నాలుగు క్లిక్కులు చేయండి: ఎడమ చివర, కింది మూల, కుడి పైచివర, లోపలి మూల. మూసేయండి. నిటారు గీతలతో టిక్కు గుర్తు వస్తుంది. ఇప్పుడు నోడ్ టూల్‌తో పొడుగు గీతని మధ్యలో పట్టుకుని కాస్త లాగండి. అది వంపుగా మారి రెండు చివర్లా హ్యాండిళ్లు పుట్టుకొస్తాయి. లాగింది చాలు. మిగతా సర్దుబాటు హ్యాండిళ్లతోనే చేయండి, గీతని పదే పదే లాగితే రెండు హ్యాండిళ్లూ ఒకేసారి కదిలి దారి తప్పుతుంది.

హ్యాండిల్ లేని నోడ్‌కి ఒకటి కావాలంటే షిఫ్ట్ పట్టుకుని నోడ్ మీద నుంచి లాగండి. వద్దనుకుంటే కంట్రోల్ పట్టుకుని హ్యాండిల్ చివర క్లిక్ చేస్తే లోపలికి వెళ్లిపోతుంది.

తలకట్టు కుదిరాక దాన్ని అక్షరం ఒంటి మీద కొంచెం ఎక్కేలా పెట్టి, రెండూ ఎంచి కంట్రోల్ + ప్లస్ తో కలిపేయండి. కలిపిన చోట అనవసరమైన నోడ్లు రెండు మూడు పుడతాయి. వాటిని అప్పుడే తీసేయండి.

6. మూడో సాధన: కమాను, సగం గీసి తిప్పడం

రెండు వైపులా ఒకేలా ఉండాల్సిన దేన్నీ మొత్తం గీయకండి. సగం చాలు.

చార్మినార్ పెద్ద కమాను వెడల్పు 11 మీటర్లు. వందో వంతు చేస్తే 110 మిల్లీమీటర్లు, సగం 55. మధ్యలో ఒక నిలువు గైడ్, దానికి ఎడమగా 55 దూరంలో ఇంకోటి పెట్టండి.

సగం కమానుకి మూడు నోడ్లు చాలు: కాలు అడుగు, వంపు మొదలయ్యే చోటు, పై మొన. అడుగు నుంచి రెండో నోడ్ దాకా తిన్నటి గీత. రెండో నోడ్ నుంచి హ్యాండిల్ నిలువుగా పైకి. మొన దగ్గరది కిందికి, వాలుగా, పొట్టిగా. ఈ కమాను భుజం దగ్గర గట్టిగా వంగి, మొన వైపు వెళ్లేకొద్దీ దాదాపు తిన్నగా అవుతుంది. రెండు హ్యాండిళ్ల పొడవులు సమానంగా పెడితే భుజం జారిపోయి ఉల్లిపాయ బొమ్మలా తయారవుతుంది. కింది హ్యాండిల్‌ని పెంచుతూ, పైదాన్ని తగ్గిస్తూ ఫొటో మీద కూర్చునేదాకా ఆడించండి. నాకు ఇదే ఎక్కువ సేపు పట్టే చోటు, మీకూ పడుతుంది. తొందరపడి మధ్యలో ఇంకో నోడ్ పెట్టకండి.

కుదిరాక:

1. కంట్రోల్ + డి తో నకలు తీసి, ఎస్ నొక్కి సెలెక్టర్‌కి మారి హెచ్ నొక్కండి. బొమ్మ అద్దంలోలా తిరుగుతుంది.
2. స్నాపింగ్ (బిందువులు దగ్గరికి రాగానే అతుక్కునే సదుపాయం) ఆన్ చేసి రెండు మొనలూ ఒకే బిందువు మీదకి తెండి.
3. రెండు సగాలూ ఎంచి కంట్రోల్ + కె.
4. నోడ్ టూల్‌తో మొన చుట్టూ పెట్టె గీయండి. కింది బార్‌లో 2 నోడ్లు ఎంచినట్టు చూపించాలి. షిఫ్ట్ + జె నొక్కితే ఒకటవుతాయి.

మూడో మెట్టు వదిలేసి నాలుగోది చేస్తే ఏమీ జరగదు. వేరు వేరు పాత్‌ల నోడ్లు కలవవు.

7. ఉన్న గీతని సరిదిద్దే వరుస

వేరేవాళ్ల ఫైలో, ట్రేస్ చేసిందో చేతికొస్తే కంటికి తగిలిన చోటల్లా గిల్లడం మొదలుపెడతాం. అలా చేస్తే గంట తర్వాత మొదలుపెట్టిన చోటే ఉంటాం. వరుస ఇది:

1. మొత్తం నకలు తీసి వేరే లేయర్‌లో దాచండి.
2. కంట్రోల్ + 5 తో అవుట్‌లైన్ చూపుకి మారండి. రంగులు పోయి గీతలే మిగులుతాయి.
3. నోడ్ టూల్‌తో అన్నీ ఎంచి, కింది బార్‌లో సంఖ్య చూసి రాసుకోండి.
4. ముందు అనవసరమైనవి తీసేయండి. డిలీట్ నొక్కితే ఉన్న ఆకారం నిలబెట్టడానికి పక్క హ్యాండిళ్లు సర్దుకుంటాయి. కంట్రోల్ + డిలీట్ అయితే సర్దుకోవు.
5. మిగిలిన నోడ్లను సరైన చోట్లకి జరపండి.
6. తర్వాత రకం మార్చండి, కస్ప్‌నో స్మూత్‌నో.
7. హ్యాండిళ్లు చివరికి.

నోడ్ ఇంకా కదలాల్సి ఉండగా హ్యాండిల్ సర్దితే ఆ పని వృథా. కొత్త నోడ్ నిజంగా కావాలంటే గీత మీద డబుల్ క్లిక్ చేయండి.

కంట్రోల్ + ఎల్ తో సాఫ్ట్‌వేరే నోడ్లు తగ్గిస్తుంది. ఒక్కసారి నొక్కి ఆగండి. వెంటవెంటనే నొక్కితే ప్రతిసారీ ఇంకా గట్టిగా తగ్గించి మూలలు మింగేస్తుంది. తెలుగు అక్షరాల్లో వత్తుల మొనలే ముందు పోతాయి.

8. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

వంపు మధ్యలో చిన్న బొడిపె. అక్కడి నోడ్ కస్ప్‌గా ఉండి హ్యాండిళ్లు ఒక రేఖలో లేవన్నమాట. షిఫ్ట్ + ఎస్. అప్పటికీ తగ్గకపోతే ఆ నోడే అనవసరం, తీసేయండి.

వంపు ముడిపడటం. ఎదురెదురు హ్యాండిళ్లు ఒకదాన్నొకటి దాటి పోయాయి. రెండు హ్యాండిళ్లనూ ముందుకి పొడిగిస్తే కలిసే బిందువు ఒకటుంటుంది. ఏ హ్యాండిలూ ఆ బిందువు దాటకుండా తగ్గించండి.

ఒకే చోట రెండు నోడ్లు. కంటికి ఒకటే కనిపిస్తుంది. చుట్టూ పెట్టె గీసి కింద సంఖ్య చూడండి. షిఫ్ట్ + జె తో కలపండి.

పాత్ మూసుకోకపోవడం. రంగు నిండినట్టే కనిపిస్తుంది కాబట్టి మోసపోతాం. కటింగ్‌లో మాత్రం ఆ చోట స్టిక్కర్ ఊడి రాక చిరుగుతుంది. మందు ఇదే, రెండు కొసలూ ఎంచి షిఫ్ట్ + జె.

అక్షరం బెజ్జం నిండిపోవడం. లోపలి, బయటి గీతలు కంట్రోల్ + కె తో కలపలేదు. కలిపినా నిండితే ఫిల్ ప్యానెల్‌లో ఫిల్ రూల్ మార్చి చూడండి.

9. ప్రెస్‌కో కటింగ్‌కో పంపే ముందు

తెలుగు అక్షరాలు టైపు చేసి ఉంటే తప్పకుండా కంట్రోల్ + షిఫ్ట్ + సి తో పాత్‌గా మార్చండి. అవతలి కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే వత్తులు విడిపోయి పేరే మారిపోతుంది, పెళ్లి పత్రికలో అది ఎంత గొడవో చెప్పక్కర్లేదు. మార్చే ముందే అచ్చుతప్పులు మళ్లీ సరిచూసుకోండి, ఆ తర్వాత టైపు చేసి దిద్దడం కుదరదు.

- టెక్స్ట్ అంతా పాత్ అయిందా? అసలు ఫైల్ విడిగా దాచారా?
- కటింగ్ కోసమైతే ఒకదానిమీద ఒకటి ఎక్కిన భాగాలు కంట్రోల్ + ప్లస్ తో కలిపారా? లేకపోతే బ్లేడు అక్షరం మధ్యలో కూడా కోస్తుంది.
- స్ట్రోక్‌తో లావు చేసిన గీతలు కంట్రోల్ + ఆల్ట్ + సి తో పాత్‌గా మారాయా?
- కొలత మిల్లీమీటర్లలో సరిగ్గా ఉందా?
- అవుట్‌లైన్ చూపులో ఎక్కడైనా విడి చుక్కలు, తునకలు మిగిలాయా?

కోరల్ డ్రాలో ఎఫ్10 తో షేప్ టూల్ వస్తుంది, కంట్రోల్ + క్యూ తో అక్షరాలు కర్వ్స్ అవుతాయి, గీత మీద డబుల్ క్లిక్ చేస్తే నోడ్ పుడుతుంది, నోడ్ మీద చేస్తే పోతుంది. ఇల్లస్ట్రేటర్‌లో పెన్‌కి పి, నోడ్లు కదపడానికి ఎ, మూలని వంపుగా మార్చే టూల్‌కి షిఫ్ట్ + సి, అక్షరాలను గీతలుగా మార్చడానికి కంట్రోల్ + షిఫ్ట్ + ఓ.

మొదటి కటింగ్ పూర్తి సైజులో తీయించకండి. మిగిలిపోయిన వినైల్ ముక్క మీద 10 సెంటీమీటర్ల ఎత్తులో ఒక్క అక్షరం కోయించి, అద్దం మీద అంటించి, అంచు వెంబడి గోరు మెల్లగా జరపండి. గోరు ఎక్కడ తట్టుకుంటే ఆ చోటు పెన్నుతో గుర్తు పెట్టుకుని, ఫైల్ తెరిచి ముందుగా ఆ నోడ్‌నే చూడండి.